ఉద్యోగం పోయినప్పుడు దేవుని బలం మీద ఆనుకోవడం అంటే ఏం చేయాలి?

"అన్నా, వందనాలు. లేఆఫ్‌లో నా ఉద్యోగం పోయింది. ఉపవాసం ఉండి ప్రార్థన చేస్తున్నాను. మళ్ళీ రోజంతా అప్లికేషన్లు పెడుతుంటే దేవుణ్ణి నమ్మనట్టు అనిపిస్తోంది. చర్చిలో చెప్పుకోవాలంటే సిగ్గు. ఏం చేయమంటావు?"

అమెరికాకు కొత్తగా వచ్చిన మన పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

తమ్ముడూ, ముందు గడువు చూసుకో. నువ్వు హెచ్‌1బి ఉద్యోగ వీసా మీద ఉంటే ఉద్యోగం ముగిసిన తర్వాత ఈ దేశంలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులు ఉంటుంది. ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 రికార్డు అంతకంటే ముందే ముగిస్తే ఆ తేదీ వరకే. ఇక్కడి చదువు మీద పని చేసుకోవడానికి విద్యార్థులకిచ్చే ఓపీటీ మీద ఉంటే అన్నీ కలిపి 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు, సైన్స్, ఇంజనీరింగ్ లాంటి చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు వచ్చినవాళ్ళకు మొత్తం 150. ఈ వారంలోనే లాయరుతోనో, కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసుతోనో మాట్లాడు. తేదీలు లెక్కపెట్టుకోవడం అవిశ్వాసం కాదు.

నెహెమ్యాను చూడు. షూషను కోటలో పారసీక రాజుకు గిన్నె అందించే ఉద్యోగి. యెరూషలేము ప్రాకారం పడిపోయి ఉందని విని ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు, కిస్లేవు నుంచి నీసాను దాకా నాలుగు నెలలు ఆ భారం మోశాడు. చివరికి రాజు "నీకేం కావాలి?" అని అడిగాడు. నెహెమ్యా అక్కడికక్కడే పరలోకపు దేవునికి ప్రార్థన చేసుకుని, వెంటనే తనకు కావలసింది చెప్పాడు. ఎన్నాళ్ళకు తిరిగి వస్తాడో గడువు చెప్పాడు. నది అవతలి అధికారులు దారి ఇచ్చేలా ఉత్తరాలు అడిగాడు. దూలాల కోసం రాజు అడవిని చూసే ఆసాపుకు ఇంకో ఉత్తరం అడిగాడు. దారి కాగితాల దగ్గర్నుంచి కలప దాకా అన్నీ ఆలోచించి పెట్టుకున్న మనిషి అన్నమాట. ఆ పని జరిగింది మాత్రం దేవుని కరుణాహస్తం వల్లనే అని తనే రాశాడు. కాబట్టి అప్లికేషన్లు పెట్టు, తెలిసినవాళ్ళను రిఫరల్ అడుగు, ఇంటర్వ్యూకు చదువుకో. ప్రార్థన ఆపకు.

దేవుని బలం మీద ఆనుకుంటున్నావో లేదో అప్లికేషన్ల దగ్గర తేలదు. ఒక్క అబద్ధం ఆడితే గట్టెక్కేస్తావనిపించే చోట తేలుతుంది. నెల తిరక్కుండానే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "రెజ్యూమెలో ఐదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెడతాం, ఇంటర్వ్యూలో మా మనిషి వెనక నుంచి జవాబులు చెప్తాడు, అందరూ చేసేదేగా" అంటారు. గడువు దగ్గర పడుతుంటే, ఊళ్ళో లోను వాయిదా గుర్తొస్తుంటే, ఆ మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో నాకు తెలుసు. కొందరు విశ్వాసులు దాన్ని "దేవుడు తెరిచిన ద్వారం" అని సాక్ష్యం చెప్పడం కూడా విన్నాను, నాకు చాలా బాధ కలిగింది. ఆ ఐదేళ్ళు నీవి కావు. ఆ ఉద్యోగం వచ్చినా ప్రతి ఉదయం ఆ అబద్ధాన్ని నీ సొంత బలంతోనే మొయ్యాలి, అందులో సహాయం చేయమని దేవుణ్ణి అడగలేవు. వీసా స్టేటస్ నిలుపుకోవడం కోసం క్లాసులు లేని కాలేజీలో చేరడమూ అంతే. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో వందమందికి పైగా మన దేశపు విద్యార్థులు అరెస్టయ్యారు, అందులో చాలామంది తెలుగు పిల్లలే. అది నకిలీ యూనివర్సిటీ, ఇలాంటివాళ్ళను పట్టుకోవడానికి ఇక్కడి ఇమ్మిగ్రేషన్ అధికారులే నడిపారు.

కానుక పంపితే వీసా పని అవుతుందని చెప్పేవాళ్ళకూ దూరంగా ఉండు. డబ్బుతో దేవుని వరం కొనాలనుకున్న సీమోనును పేతురు ఎంత గట్టిగా గద్దించాడో అపొస్తలుల కార్యములు 8లో చదువు.

"నిజం చెప్పి నిలబడితే ఉద్యోగం వస్తుందా అన్నా?" అంటావు. వస్తుందని నేను మాట ఇవ్వలేను. పౌలు తన శరీరంలో ముల్లులా ఉన్న బాధను తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, దేవుడు తియ్యలేదు. "నా కృప నీకు చాలును" అన్నాడు, "బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది" అన్నాడు. నిజాయితీగా ప్రయత్నించి, గడువు అయిపోయి, ఇండియాకు తిరిగి వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ విశ్వాసం ఓడిపోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మన ఇళ్ళల్లో క్యాలెండర్ల మీద "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అనే వాక్యం కనిపిస్తుంది. దాన్ని పౌలు సంకెళ్ళలో ఉండి రాశాడు. దాని ముందు మాటలు ఆకలి గురించి, లేమి గురించి. ఆ తర్వాతి మాట ఇంకా ముఖ్యం: నా శ్రమలో మీరు పాలుపంచుకోవడం మంచి పని అని ఫిలిప్పీ సంఘానికి చెప్తాడు. అంటే దేవుడిచ్చే బలం తోటి విశ్వాసుల చేతుల మీదుగా కూడా వస్తుంది. కాబట్టి పాస్టరు గారికీ, నువ్వు నమ్మే ఒక పెద్ద కుటుంబానికీ ఈ ఆదివారమే చెప్పు. మన తెలుగు ఫెలోషిప్‌లలో కష్టం తీరాకే సాక్ష్యం చెప్పే అలవాటుంది. సంఘ పెద్దలకు నా మనవి, మధ్యలో ఉన్నవాళ్ళు కూడా నోరు విప్పే చోటు కల్పించండి.

ఇంకో సంగతి. తిండీ నిద్రా మానేసి ఉపవాసం అనకు. ఏలీయా చచ్చిపోవాలని అడిగినప్పుడు దేవుడు ముందు అతన్ని పడుకోనిచ్చాడు, దూతతో రొట్టె, నీళ్ళు పంపాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు. హోరేబులో మాట్లాడింది ఆ తర్వాతే. అలాంటి ఆలోచనలు నీకూ వస్తుంటే వెంటనే ఇక్కడి ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్, మెసేజ్ అయినా పెట్టొచ్చు. రూమ్మేటుకు చెప్పు, ఒంటరిగా ఉండకు. డాక్టరు దగ్గరకు వెళ్ళడం విశ్వాసానికి అడ్డు కాదు.

ఇంట్లో చెప్పడమే అన్నిటికన్నా కష్టం. "అమ్మకు బీపీ, చెప్తే టెన్షన్ పడుతుంది" అంటావు. వాళ్ళు నీ ఉద్యోగం కోసం కృతజ్ఞతా ప్రార్థనలు పెడుతుంటే నువ్వు ఇక్కడ నటిస్తూ ఉండలేవు. ముందు నాన్నగారికి చెప్పు, అమ్మకు ఎలా చెప్పాలో ఇద్దరూ కలిసి ఆలోచించుకోండి. గడువు ఎప్పుడో, చేతిలో ఎంత ఉందో దాచకు. లోను వాయిదా రాబోయే రెండు నెలలు ఎవరు కడతారో ఆ ఫోన్లోనే తేల్చుకోండి. ఊళ్ళో సంఘానికి చెప్పాలా వద్దా అన్నది మాత్రం వాళ్ళకే వదిలెయ్.