మాస్టారూ, ఓ మాట: చారు గిన్నె నుంచి నల్ల ఇసుక దాకా

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం లోహాల మీదే వచ్చాయి. ఆవర్తన పట్టికలో నాలుగింట మూడు వంతులు లోహాలే కాబట్టి ఆశ్చర్యమేమీ లేదు. కానీ పట్టిక బట్టీ పట్టడం ఎలా అని ఒక్కరూ అడగలేదు. వంటింట్లోంచి, పట్టాల పక్క నుంచి, సముద్రపు ఒడ్డు నుంచి అడిగారు. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాడికి ఇంతకంటే ఏం కావాలి!

మా అత్తగారు ఇచ్చిన, శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసిన ఇత్తడి గిన్నె ఉంది. కళాయి లేకుండా చారు పెట్టకూడదంటారు. నిజమేనా? – గృహిణి, రాజాం

నిజమేనమ్మా. కావాలంటే గిన్నె లోపల ఓ పక్కన చింతపండు రాసి, రెండు నిమిషాలు ఆగి కడగండి. అంతమేరా తళతళలాడుతుంది. అంటే పైనున్న నల్లటి పొర పులుపులో కరిగిపోయిందన్నమాట. తోమేటప్పుడు ఆ కరిగిన రాగి, జింకు తూములోకి పోతాయి. చారు కాస్తే మీ కడుపులోకి పోతాయి. మన పెద్దవాళ్లు 'కిలుమెక్కింది' అని పారబోసేది ఆ చారునే. రాగి మోతాదు మించితే కడుపులో తిప్పి వాంతులవుతాయి.

ఇత్తడిలో వందకు అరవై, డెబ్బై పాళ్లు రాగి, మిగతాది జింకు. కళాయి అంటే లోపలి వైపు తగరం పూత. తగరం పులుపుకు అంత తేలిగ్గా లొంగదు. కళాయి వేసే అతను వస్తే దగ్గర నిలబడి చూడండి, కెమిస్ట్రీ ల్యాబ్‌కి వెళ్లక్కర్లేదు. గిన్నెను బొగ్గుల మీద కాల్చి నవసాగరం (అమోనియం క్లోరైడు) చల్లుతాడు, గుప్పున తెల్లటి పొగ లేస్తుంది. ఆ నవసాగరం వేడి లోహం మీది ఆక్సైడు పొరను ఊడ్చేస్తుంది. ఆ పొర ఉన్నంతసేపూ తగరం అంటుకోదు. తర్వాత తగరం కడ్డీ ముట్టించి, దూదితో చుట్టూ తుడుస్తాడు. క్షణంలో గిన్నె తెల్లబడుతుంది.

తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. కళాయి పని అంత సులువుగా జరిగేది అందుకే, కళాయి పాడయ్యేదీ అందుకే. ఖాళీ గిన్నె స్టవ్ మీద మరిచిపోతే పూత కరిగి ఒకచోట పోగవుతుంది. అందుకే పోపు వేరే మూకుడులో వేసి చారులో కలపండి.

ఇంకో సంగతి. తగరం ధర ఎక్కువ కాబట్టి అందులో సీసం కలిపేవాళ్లూ ఉన్నారు. సీసం వంటింటి గడప తొక్కకూడదు. కళాయి వేయించే ముందు కడ్డీ అడిగి తీసుకుని, చెవి దగ్గర పెట్టి వంచండి. మంచి తగరమైతే లోపలి పలుకుల అమరిక ఒక్కసారిగా మారి చిటపటమంటుంది. సీసం బాగా కలిస్తే ఆ చప్పుడు సన్నగిల్లుతుంది. అడిగితే ఆయన ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి.

మా పక్కనే గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ (ఇనుముతో మాంగనీసు లాంటి లోహాలు కలిపిన మిశ్రమాలు) ఫ్యాక్టరీ ఉంది. మాంగనీసుతో చేసిన వస్తువు ఇంట్లో ఒక్కటీ కనబడదు. దానితో ఏం చేస్తారు? – ఇంటర్ విద్యార్థి, చీపురుపల్లి

కనబడదు, నిజమే. అది ఉక్కులో కలిసిపోయి ఉంటుంది బాబూ. ఒంటరిగా అయితే మాంగనీసు ఉత్త పెళుసు, సుత్తితో కొడితే పగిలిపోతుంది. ఇనుములో ఎంతో కొంత గంధకం ఉంటుంది. అది ఇనుముతో కలిసిందంటే, ఎర్రగా కాల్చి సాగదీసేటప్పుడు ఉక్కు చీలిపోతుంది. మాంగనీసు వేస్తే గంధకాన్ని అది పట్టేసుకుంటుంది. మీ ఇంటి స్లాబులోని ఊచల్లోనూ అది ఉంది.

మాంగనీసు పాలు 12 శాతం దాకా పెంచితే ఏమవుతుందో 1882లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ చూశాడు. దెబ్బలు తినేకొద్దీ పైభాగం గట్టిపడే ఉక్కు తయారైంది. పైగా దానికి అయస్కాంతం అంటుకోదు! రైలు పట్టా ఇంకో పట్టాను దాటే చోట, చక్రాలు ఢమఢమా కొట్టే ఆ క్రాసింగ్ ముక్కకు ఇప్పటికీ అదే వాడతారు. ప్లాట్‌ఫారం చివర నుంచి చూడు, అయస్కాంతం పట్టుకుని పట్టాల మీదకు మాత్రం దిగకు. పాత టార్చి సెల్లు విప్పితే కనిపించే నల్లపొడిలోనూ మాంగనీసు డయాక్సైడే ఉంటుంది. దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది మన విజయనగరం ప్రాంతంలోనే. ఈ మాట మీ లెక్చరర్‌కీ చెప్పు.

కళింగపట్నం తీరంలో అల వెనక్కి వెళ్లాక నల్లటి ఇసుక చారలుగా మిగులుతుంది. ఇనుమా? అమ్ముకోవచ్చా? – ఓ మత్స్యకార యువకుడు

ఇనుము సగం నిజం. అందులో ముఖ్యమైనది ఇల్మెనైట్, అంటే ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. మామూలు ఇసుక కంటే బరువు ఎక్కువ కాబట్టి అల తేలిక ఇసుకను లాక్కుపోయి దీన్ని వదిలేస్తుంది. ఎర్రటి రేణువులు కనిపిస్తే అవి గార్నెట్. ఇంట్లోని అయస్కాంతానికి గట్టిగా అతుక్కునేది మాగ్నటైట్, ఇల్మెనైట్‌కి ఆ పట్టు తక్కువ.

1791లో విలియం గ్రెగర్ అనే ఇంగ్లిషు ఫాదరీ వాగులో దొరికిన ఇలాంటి నల్ల ఇసుకలోనే టైటానియాన్ని గుర్తించాడు. తమాషా ఏమిటంటే, ఇంత నల్లటి ఇసుక నుంచి తీసిన టైటానియం డయాక్సైడే మన గోడల తెల్ల పెయింటుకు ఆ తెలుపునిస్తుంది. ఇక లోహంగా టైటానియం బరువు ఇనుములో సగానికి కొంచెం ఎక్కువ. ఉప్పునీళ్లలో ఏళ్ల తరబడి ఉన్నా తుప్పు పట్టదు. మీ పడవ మేకుల గతి తెలిసినవాడివి, దాని విలువ నీకు వేరే చెప్పాలా?

అమ్మకం సంగతి మరిచిపో. ఆ ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం కూడా ఉంటుంది, అందులో అణుశక్తికి పనికొచ్చే థోరియం ఉంది. అది అణు ఖనిజం కిందకు వస్తుంది. బస్తాలకెత్తితే కేసవుతుంది.

తిత్లీ తుపానుకు తెగిపడిన కరెంటు తీగ ముక్క మా పెరట్లో ఇంకా ఉంది. మధ్య పోగుకు తుప్పు పట్టింది, చుట్టూ ఉన్నవి తెల్లగానే ఉన్నాయి. కల్తీ తీగా? – కొబ్బరి రైతు, పలాస

కల్తీ కాదండీ. మధ్యది ఉక్కు, బరువు మోయడానికి. చుట్టూ అల్యూమినియం, కరెంటు మోయడానికి. ఉక్కు పోగుకు ఉన్న జింకు పూత పోయి తుప్పు పట్టింది. అల్యూమినియం తన మీద తానే పల్చటి ఆక్సైడు పొర కప్పుకుంటుంది కాబట్టి అలాగే ఉంది. రాగి ఇంకా బాగా కరెంటు మోస్తుంది గానీ, బరువు మూడింతలు, ధర కూడా ఎక్కువ.

అరచేతిలో కరిగే లోహం ఉందట, నిజమేనా మాస్టారూ? – ఎనిమిదో తరగతి, ఆమదాలవలస

ఉంది తల్లీ, గాలియం. 29.8 డిగ్రీలకే కరుగుతుంది. మే నెలలో మీ ఊళ్లో అరచెయ్యి కూడా అక్కర్లేదు, బల్ల మీద పెట్టినా నీరవుతుంది. 1871లో మెండలీవ్ అనే రష్యా శాస్త్రవేత్త తన ఆవర్తన పట్టికలో దానికోసం ఖాళీ వదిలితే, 1875లో ఫ్రాన్స్‌లో దొరికింది. ఎప్పుడైనా నీ చేతికొస్తే గాజు గిన్నెలో పెట్టు. అల్యూమినియం గిన్నెలో పెట్టావో, సందుల్లోకి దూరి దాన్ని పెళుసు చేసేస్తుంది, అమ్మ చేతిలో నీ పని అయిపోతుంది.