క్లిక్కర్ నొక్కాలంటే భయం

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర ఊరు. ఇంటర్ వరకు తెలుగు మీడియమే. ఇప్పుడు నల్గొండలో బీటెక్ ఫస్టియర్. రెండు సెక్షన్లు కలిపి 120 మందిని ఒకే హాల్లో కూర్చోబెట్టి, రిమోట్ లాంటి క్లిక్కర్లు ఇచ్చి, తెర మీది ప్రశ్నకు జవాబు నొక్కమంటున్నారు. టైం 40 సెకన్లు. ఇంగ్లిష్‌లో ప్రశ్న చదివేలోపే అయిపోతోంది. పక్కవాడు ఏది నొక్కితే నేనూ అదే నొక్కుతున్నా. ఇంటర్నల్స్‌లో 5 మార్కులు కలుపుతారట. టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 5 మార్కుల సంగతి. చాలాచోట్ల జవాబు తప్పైనా నొక్కినందుకు మార్కు వేస్తారు. మీ దగ్గర ఎలాగో సార్‌నే అడుగు. తెర మీద కూడా ఏ జవాబుకు ఎంతమంది అన్న లెక్కే వస్తుంది, పేర్లు రావు.

అసలు నష్టం పక్కవాణ్ణి చూడటంలో ఉంది. ఉదాహరణకు ఈ ప్రశ్న చూడు: పైకి విసిరిన రాయి చిట్టచివర ఒక్క క్షణం ఆగుతుంది. అప్పుడు దాని త్వరణం, అంటే వేగం మారే రేటు, ఎంత? ఆగింది కదా అని చాలామంది సున్నా నొక్కుతారు. వేగం సున్నా అయింది గానీ భూమి లాగడం ఆపలేదు. అక్కడా త్వరణం కింది దిశలో 9.8 మీ/సె². నిజంగా సున్నా అయితే రాయి అక్కడే వేలాడాలి! సున్నా నొక్కి, తర్వాత ఈ మాట విన్నవాడికి అది పరీక్ష దాకా గుర్తుంటుంది. చూసి కరెక్ట్ నొక్కినవాడికి తన బుర్రలో సున్నా ఉందన్న సంగతే తెలియదు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి కూడా ఇదే: ముందు ఎవరి జవాబు వాళ్లది, తర్వాతే పక్కవాళ్లతో వాదన, ఆపైన మళ్లీ జవాబు. మీ సార్ రెండోసారి నొక్కమంటే అప్పుడు పక్కవాడితో తెలుగులోనే వాదించు.

ఇక ఇంగ్లిష్. ఎప్‌సెట్‌లో ప్రశ్నతో పాటు తెలుగు కూడా ఉండేది, ఇక్కడ ఆ ఊతం పోయింది. అంతేగానీ నీకు ఫిజిక్స్ రాక కాదు. ముందురోజే చాప్టర్ తిరగేసి యాక్సిలరేషన్ అంటే త్వరణం, ఇలా పదాలు రాసుకో. ప్రశ్నలో చివరి వాక్యం మొదట చదువు, అడిగేది సాధారణంగా అక్కడే ఉంటుంది. నాట్, ఎక్సెప్ట్ లాంటివి దాటిపోకు. నెలయినా టైం చాలకపోతే క్లాసయ్యాక సార్‌తో చెప్పు, ఇంకో 20 సెకన్లు ఇవ్వడం ఆయన చేతిలో పనే. మొహమాటమైతే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. 120 మందిలో తెలుగు మీడియం నువ్వొక్కడివే అయ్యుండవు.

ఇంకోటి, క్లిక్కర్ నంబరును రోల్ నంబరుతో ముడిపెడతారు. ఫ్రెండు రాని రోజు వాడిది కూడా నువ్వే నొక్కితే అది ప్రాక్సీ కిందికే వస్తుంది, ఇద్దరూ ఇరుక్కుంటారు.