పండగకి అందరూ మా ఇంటికే, జీతం మాత్రం ఒక్కరిదే

ప్రశ్న: మావారి ఉద్యోగం సెప్టెంబరులో పోయింది. నా ఒక్కదాని జీతంతోనే ఇల్లు నడుస్తోంది. పోయిన నెల అత్తగారికి ఆపరేషన్ అయింది, ఇంకా మంచం మీదే ఉన్నారు. ఈ ఏడాది క్రిస్మస్‌కి అందరూ మా ఇంటికి రావాలని నిరుడే అనుకున్నాం. పెద్దా చిన్నా కలిపి పదిహేను మంది. ఇప్పుడు కాదనాలంటే మొహమాటం. ఖర్చంతా క్రెడిట్ కార్డు మీద పెట్టేసి జనవరి నుంచి కొంచెం కొంచెంగా కట్టుకుందామా? లేక ఉన్న ఒక్క ఫిక్స్‌డ్ డిపాజిట్‌నీ తీసేయాలా? డిసెంబరు జీతం 23నే వేస్తామన్నారు, అదొక్కటే ఊరట.
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు ఊరట అన్న చోటే నాకు భయం వేసిందమ్మా. 23న పడేది అదనపు జీతం కాదు. జనవరి ఇంటి ఖర్చు వారం ముందే మీ చేతికి వస్తోంది, అంతే. తర్వాతి జీతం జనవరి 31న పడుతుందనుకుంటే మధ్యలో 39 రోజులు. సరిగ్గా పండగ ముందు ఖాతా నిండుగా కనిపిస్తుంది, ఇంట్లో హడావిడి, చెయ్యి ఆగదు. జనవరి మూడో వారానికి ఖాళీ. అందుకని జీతం పడిన రోజే అద్దె, కిస్తీలు, పిల్లల ఫీజులు, అత్తగారి మందుల డబ్బు మీ కార్డుతో సంబంధం లేని వేరే ఖాతాలోకి మార్చేయండి. మిగిలిన దాంట్లో 39 రోజుల రోజువారీ ఖర్చు పక్కన పెట్టండి. ఆ తర్వాత ఏదైనా మిగిలితే అదే మీ పండగ బడ్జెట్. చాలా చిన్నగా ఉంటుంది, తెలుసు. నవంబరు, డిసెంబరు మొదట్లో కాస్త వెనకేయగలిగితే దానికి కలపండి.

ఇక కార్డు సంగతి. నెలకు 3 శాతం వడ్డీ అంటే ఏడాదికి 36 అనుకుంటాం. వడ్డీ మీద వడ్డీ పడి అది 42 దాటుతుంది. మీరన్న 'కొంచెం కొంచెంగా' అంటే బిల్లులో కనిపించే కనీస మొత్తమేనా? అది బాకీలో 5 శాతం అనుకుంటే, మీరు కట్టే ప్రతి 5లో 3 వడ్డీకే పోతుంది. అలా పన్నెండు నెలలు క్రమం తప్పకుండా కట్టినా, వచ్చే క్రిస్మస్ నాటికి ఈ క్రిస్మస్ బాకీలో ముప్పావు వంతుకు పైగా అలాగే ఉంటుంది. పైగా చాలా కార్డుల్లో పాత బాకీ మిగిలి ఉంటే కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు ఉండదు. జనవరిలో కొన్న ఇంటి సరుకులకి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు.

మరి డిపాజిట్? రెండింట్లో ఏదో ఒకటి చెప్పమంటే లెక్క ప్రకారం డిపాజిట్టే నయం. గడువుకు ముందు తీస్తే పోయేది వచ్చే వడ్డీలో కొంత మాత్రమే. కానీ ఒక్క జీతం, మంచం మీద ఒక మనిషి ఉన్న ఇంట్లో ఆ డిపాజిట్ పండగది కాదు, మీవారికి ఉద్యోగం దొరికేదాకా మీకున్న దిక్కు. దాన్ని ముట్టుకోవద్దు.

నిజానికి మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఖరీదైన మాట 'మొహమాటం'. ఎవరినీ రావద్దనక్కర్లేదు. ఎలా జరుపుకుంటామో ఇప్పుడే చెబితే చాలు. మీ వైపు వాళ్లకి మీరు, ఆయన వైపు వాళ్లకి ఆయనే ఫోన్ చేయాలి. కోడలు చెబితే ఒకలా, కొడుకు చెబితే ఒకలా వినపడుతుంది, అది మీకు నేను చెప్పాలా! "అక్కా, పరిస్థితి నీకు తెలిసిందే. కలవడం మాత్రం మానొద్దు. తలా ఒకటి వండుకొద్దాం, కానుకలకి చీటీలు తీద్దాం" అంటే సరిపోతుంది. పదిహేను మంది ఒకరికొకరు ఇచ్చుకుంటే 210 కానుకలు. ఎవరూ అన్ని కొనరనుకోండి. చీటీ తీస్తే తలా ఒకటి, మొత్తం 15. ఒక్కోదానికి ఎంత దాటకూడదో కూడా ఆ ఫోన్లోనే అనేసుకోండి. లేకపోతే ఎవరో ఒకరు ఖరీదైనది తెచ్చి మిగతావాళ్లని ఇబ్బంది పెడతారు.

కొనాల్సినవి కాగితం మీద రాసి, డిసెంబరు 15కల్లా ముగించండి. టెన్షన్‌లో ఉన్న మనిషి చివరి వారంలో ధర చూడడు. మా నాన్న ఆస్పత్రిలో ఉన్న ఏడాది నేను ఒకే పిల్లాడికి రెండుసార్లు కానుక కొన్నాను. మొదటిది మార్చిలో అలమారా పైన దొరికింది.

ఇంకో రెండు విషయాలు. అత్తగారికి ఆరోగ్య బీమా ఉందా? ఇంటికొచ్చాక కొన్న మందులు, చేయించిన పరీక్షల బిల్లులు కూడా కొన్ని పాలసీల్లో ఇస్తారు. దానికి గడువు ఉంటుంది, ఇలాంటి గందరగోళంలోనే అది దాటిపోతుంది. అలాగే మీవారికి పాత ఆఫీసు నుంచి రావాల్సిన బకాయిలు, వాడుకోని సెలవుల డబ్బు అన్నీ వచ్చాయో లేదో అడిగించండి. ఫోన్లు రేపు చేయొచ్చు. ఈ రాత్రి మాత్రం ఆ బీమా ఫైలు ఎక్కడుందో వెతకండి.