రాణిగారి తెల్ల గౌను, మన మల్లు గుడ్డ

ప్రశ్న: పిన్నిగారూ, మా అమ్మాయి పాశ్చాత్య గాత్రం నేర్చుకుంటోంది. ఫిబ్రవరిలో విశాఖ కళాభారతిలో మొజార్ట్ ఒపేరా (పాటలతో నడిచే నాటకం) ‘ఫిగారో పెళ్ళి’ నుంచి కౌంటెస్, అంటే ప్రభువుగారి భార్య, పాట పాడుతుంది. తర్వాత స్నేహితురాలితో కలిసి, కౌంటెస్, పనిమనిషి సుజానా ఉత్తరం రాసే పాట కూడా ఉంది. జగదాంబ దగ్గర ఏ షాపులో అడిగినా రిసెప్షన్ గౌన్లే చూపిస్తున్నారు. నాకు జాకెట్లు కుట్టడం వచ్చు. ఆ కాలం గౌను ఇంట్లో కుట్టగలనా?
– ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: తప్పకుండా కుట్టగలరు. రిసెప్షన్ గౌను మాత్రం వద్దమ్మా. ఆ శాటిను, ఆ నెట్టు లైటు పడగానే తళతళలాడతాయి గానీ, ఆ పాట పాడే మనిషి అలా ఉండదు. రెండో అంకం మొదట్లో కౌంటెస్ తన గదిలో ఒంటరిగా, భర్త మనసు తన మీంచి పోయిందని కుమిలిపోతూ పాడుతుంది. ముస్తాబై ఉండే ఘడియ కాదది.

ఆ ఒపేరా మొదటిసారి ఆడింది 1786లో, వియన్నాలో. అంతకు మూడేళ్ళ ముందు, ఫ్రాన్స్ రాణి మేరీ ఆంత్వానెత్‌ని పల్చని తెల్ల మస్లిన్ గౌనులో విజే ల బ్రన్ అనే చిత్రకారిణి బొమ్మ గీసి పారిస్ ప్రదర్శనలో పెట్టింది. రాణిగారు లోబట్టలతో కూర్చుందని జనం గోల చేస్తే, అది తీసేసి పట్టుగౌను బొమ్మ పెట్టాల్సి వచ్చింది. అయినా ఆ ఫ్యాషన్ ఆగలేదు. మీరు ఆ తెల్ల గౌనే కుట్టండి.

మెడ చుట్టూ పట్టీ కుట్టి, లంగాకి ఎక్కించినట్టే పిన్నీసుతో బొందు ఎక్కించి లాగితే కుచ్చు వస్తుంది. నడుముకి వెడల్పాటి లేత నీలం రిబ్బను. చేతులు పొడుగ్గా, వదులుగా ఉంచి, మోచేతికి పైన ఒకచోట, కింద ఒకచోట సన్న రిబ్బను కట్టండి. గౌను లోపల కుచ్చు లంగాలు రెండు, నడుము వెనక దూది కూరిన చిన్న దిండు. ఆ ఏళ్ళలో ఎత్తంతా వెనక్కే ఉండేది, పక్కలకి కాదు.

అప్పట్లో యూరప్‌లో మేలైన మస్లిన్ అంటే బెంగాల్‌ది. మన పక్కన పొందూరు ఉంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చేత్తో వడికి నేసే గుడ్డ అది. గౌనంతా దానితో అంటే ఖర్చు తట్టుకోలేరు. ఏడెనిమిది మీటర్ల మల్లు గుడ్డతో గౌను కుట్టి, భుజాల చుట్టూ వేసుకునే కండువా ఒక్కటి పొందూరుది పెట్టండి. ముఖం పక్కన ఉండేది అదే కదా. మరీ తెల్లటి తెలుపు స్టేజీ లైట్లకి కళ్ళు చెదిరేలా కొడుతుంది. పల్చటి టీ డికాక్షన్‌లో ఒకసారి ముంచి తీయండి.

ఇక లోపల వేసే బిగుతు జాకెట్టు. దీని గురించి నేను గట్టిగా చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక పౌరాణిక నాటకంలో సత్యభామకి రవికె కుట్టాను. నిలబెట్టి కొలిచాను, అద్దినట్టు కుదిరింది. పద్యం చివర రాగం అందుకోగానే వెనక హుక్కులు మూడు ఊడిపోయాయి. ఆవిడ పైట కప్పుకుని పద్యం పూర్తి చేసింది. తప్పు నాదే, పాడించి కొలవలేదు. మీరు టేపు పక్కటెముకల చుట్టూ పెట్టి, అమ్మాయిని నిండా ఊపిరి పీల్చమనండి. ఆ కొలతకే కుట్టండి. వెనక తాడుతో బిగిస్తారు కాబట్టి రెండంగుళాల సందు వదిలినా గౌను కింద కనిపించదు. ఆ జాకెట్టు నిలబడడానికి అప్పట్లో తిమింగలం నోట్లోని పట్టీలు వాడేవారు. మీరు స్టీలు పట్టీలు వేయకండి, మన సముద్రపు గాలికి తుప్పు పట్టి తెల్ల గుడ్డంతా మరకలవుతుంది. కరెంటు సామాన్ల కొట్లో దొరికే వెడల్పాటి కేబుల్ టైలు కత్తిరించి, కొనలు గుండ్రంగా అరగదీసి దూర్చండి.

సుజానాకి కలంకారీ జాకెట్టు కుట్టండి. మన అమ్మమ్మలు చీటి గుడ్డ అనే అద్దకపు గుడ్డ బందరు రేవు నుంచి ఓడల్లో యూరప్ వెళ్ళేది. అక్కడ ఎంత మోజంటే, తమ నేతగాళ్ళు దెబ్బతింటారని ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా దాన్ని నిషేధించింది. పెడన అద్దకంలో తెల్ల నేల మీద పూలతీగ ఉన్నది ఏరుకోండి. నల్ల నేల, పెద్ద నెమళ్ళు వద్దు.

ప్రశ్న: పాతకాలం దుస్తులు మిషన్ మీద కుడితే తప్పా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: లోపలి పొడుగు కుట్లు మిషన్ మీద వేసుకోండి, ఎవరికీ కనిపించవు. అంచులు, తాడు దూరే కన్నాలు మాత్రం చేత్తోనే. ఇత్తడి రింగులు కొట్టించకండి, అవి 1820ల్లో వచ్చినవి. కన్నం కత్తెరతో కోయకుండా దబ్బనంతో పొడవండి. దారాలు తెగకుండా పక్కకి జరుగుతాయి, ఎంత లాగినా చిరగదు. ఆ తర్వాత చుట్టూ కాజా కుట్టు దగ్గర దగ్గరగా వేయండి.