ఎనిగ్మా2 బాక్సులో ఛానళ్లు సర్ది పంపినా తీసేసినవి మళ్లీ ఎందుకొస్తున్నాయి?

హైదరాబాద్‌లో ఫ్రీ డిష్‌కి, పెద్ద డిష్‌తో పట్టే సీ బ్యాండ్ ఛానళ్లకి కలిపి ఎనిగ్మా2 అనే లినక్స్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఒకే శాటిలైట్ బాక్సు వాడుతున్నారు. కంప్యూటర్‌లో ఛానళ్ల లిస్టు సర్దే డ్రీమ్‌బాక్స్‌ఎడిట్ ప్రోగ్రామ్‌లో డూప్లికేట్లు తీసేసి, డీడీ యాదగిరి, సప్తగిరి పైకి తెచ్చి బాక్సుకి పంపారు. రీస్టార్ట్ అయ్యాక డూప్లికేట్లు తిరిగొచ్చాయి, కొత్తగా కలిపినవేమో ఎన్/ఏ (అందుబాటులో లేదు) అంటున్నాయి. ఇదే కదండీ సమస్య?

మీరు సర్దడంలో తప్పేం లేదు, పంపిన సమయమే తప్పు. ఎనిగ్మా నడుస్తున్నంతసేపూ సర్వీసుల (అంటే ఛానళ్ల) లిస్టు మెమరీలో ఉంటుంది. ఆగేటప్పుడు దాన్నే ఛానళ్ల వివరాలుండే లామ్‌డీబీ (lamedb) ఫైలు మీద రాసేస్తుంది, మీరు పంపింది పోతుంది. అందుకే ముందు కంప్యూటర్ నుంచి బాక్సుకి కమాండ్లు పంపే టెల్నెట్‌లో రూట్ (అడ్మిన్) యూజర్‌గా లాగిన్ అయి 'ఇనిట్ 4' (init 4) కొట్టండి, ఎనిగ్మా ఆగుతుంది. టీవీ తెర నల్లబడుతుంది, కంగారు పడొద్దు. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీతో ఫైళ్లు పంపేసి 'ఇనిట్ 3' (init 3) కొట్టండి, ఎనిగ్మా మళ్లీ మొదలవుతుంది. అన్నిటికంటే ముందు బాక్సులో ఈటీసీలోని ఎనిగ్మా2 ఫోల్డరు (/etc/enigma2) మొత్తం కంప్యూటర్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి.

లామ్‌డీబీలో ఫ్రీక్వెన్సీలు, ఛానల్ వివరాలు ఉంటాయి. బొకే (మీరు సర్దుకున్న ఛానళ్ల జాబితా) ఫైల్లో ఉండేది వరుస మాత్రమే. ఒక్కో లైను సర్వీస్ ఐడీ, ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ ఐడీ, నెట్‌వర్క్ ఐడీ, నేమ్‌స్పేస్‌లతో లామ్‌డీబీలోని ఛానల్‌ని చూపిస్తుంది. వీటిలో ఏది కలవకపోయినా ఎన్/ఏనే. నేమ్‌స్పేస్‌లో ముఖ్యంగా ఉండేది శాటిలైట్ స్థానం. ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉన్నది 93.5 డిగ్రీల తూర్పున, చుక్క తీసేస్తే 935, దాన్నే హెక్సాలో (16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో) రాస్తే 3ఏ7. లిస్టు తయారుచేసినవాళ్లు 93.0 అని స్కాన్ చేసి ఉంటే అది 3ఏ2 అవుతుంది, ఆ శాటిలైట్ ఛానళ్లన్నీ ఒకేసారి చచ్చిపోతాయి.

బొకేని చేత్తో దిద్దితే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ వాడండి, లైన్ ఎండింగ్ యూనిక్స్, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉండాలి. కొత్త బొకే ఫైలు పెడితే దాని పేరు బొకేస్ డాట్ టీవీ (bouquets.tv) ఫైల్లో కూడా చేర్చాలి, లేకపోతే తెర మీదికే రాదు.

కోఠి గుజరాతీ గల్లీలోనో, ఇంకెక్కడో పెన్‌డ్రైవ్‌లో రెడీమేడ్ లిస్టు ఇస్తే అందులోని 'సెట్టింగ్స్' ఫైలు మాత్రం ఎక్కించకండి. ట్యూనర్, డైసెక్ స్విచ్ (ఒకే కేబుల్‌కి ఎక్కువ డిష్‌లు కలిపేది) పోర్టుల అమరిక ఉండేది అందులోనే. ఎవరి డాబా మీది డిష్ కోసమో రాసిన పోర్టులు మీ బాక్సులోకి వచ్చి సిగ్నలే పోతుంది. లామ్‌డీబీ, బొకే ఫైళ్లు చాలు.

బాక్సు లేకుండా టీవీలోని ట్యూనరే వాడేవాళ్లకి ఇవేవీ పనికిరావు. వాళ్లు టీవీ ఛానళ్ల లిస్టు సర్దే ఛాన్‌సార్ట్ అనే ప్రోగ్రామ్ చూడండి, మీ మోడల్‌కి సపోర్ట్ ఉందో లేదో తేల్చుకున్నాకే.