బ్రంచ్ మానక్కర్లేదు, ముందు కార్డు బాకీ తీర్చండి

ప్రశ్న: నా వయసు 28. విశాఖపట్నం మధురవాడలో ఉంటూ ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. నెలకు చేతికి రూ.38,000 వస్తుంది. చిన్ననాటి స్నేహితురాలు విజయనగరంలో టీచరు. ఏడాదిగా నెలకో ఆదివారం ఇద్దరం బీచ్‌రోడ్డులో ఓ స్టార్ హోటల్లో బ్రంచ్ చేసి, ఏదో ఒక మ్యూజియం చూసి, చీకటి పడ్డాక ఇళ్లకు వెళ్తాం. ఖర్చు రూ.5,000 దాకా అవుతుంది. నా క్రెడిట్ కార్డుతో కట్టేస్తాను, తన సగం ఫోన్‌పే చేస్తుంది. ఇప్పుడు కార్డు బాకీ రూ.34,000. కొన్నాళ్లుగా మినిమమ్ (బ్యాంకు అడిగే కనీస మొత్తం) మాత్రమే కడుతున్నాను. రూ.50,000 ఎఫ్‌డీ ఉంది. ‘ఆ తిరుగుళ్లు మానెయ్, నాలుగు రాళ్లు మిగుల్తాయి’ అంటోంది అమ్మ. మానేసి ఆ డబ్బుతో సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే పెట్టుబడి) మొదలుపెట్టాలా? మొన్నటి బిల్లు జతచేస్తున్నాను.
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మానొద్దండీ. మీ వాటా నెలకు రూ.2,500. మీ జీతంలో అది ఏడు శాతం కూడా లేదు. రోజంతా స్క్రీన్ ముందు కూర్చునే మనిషికి నెలకో రోజు చిన్ననాటి స్నేహితురాలితో గడపడం దుబారా కాదు. అయితే అమ్మగారి కంగారులోనూ న్యాయం ఉంది. డబ్బు పోతున్న మాట నిజం. ఎక్కడ పోతోందన్నదే ఆవిడకు కనపడలేదు.

మీ స్నేహితురాలు పంపే సగం ఎక్కడికి వెళ్తోందో చూడండి. కార్డు మీద పడేది రూ.5,000. తను పంపిన రూ.2,500 మీ సేవింగ్స్ ఖాతాలో పడి, కూరగాయల్లోనో రీచార్జిలోనో కలిసిపోతోంది. కార్డుకు చేరడం లేదు. ఏడాదికి ఎంతయిందో లెక్కేయండి, అక్షరాలా రూ.30,000! మీ బాకీలో సింహభాగం ఇదేనని నా అనుమానం. తను ఇచ్చేసింది, మీరు ఖర్చుపెట్టేశారు, బ్యాంకు మాత్రం ఇంకా అడుగుతోంది.

పైగా మినిమమ్ కడుతున్నారు. పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా గీకిన దానికి వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. నెలకు మూడున్నర శాతం అనుకుంటే రూ.34,000 మీద రూ.1,190, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం రూ.1,400 పైమాటే. రెండు నెలల వడ్డీతో మీ వాటా బ్రంచ్ అయిపోతుంది.

కాబట్టి ఈ వారమే ఎఫ్‌డీ తీసేసి కార్డు బాకీ మొత్తం కట్టండి. గడువుకు ముందు తీస్తే వడ్డీ కాస్త తగ్గుతుంది, పోనివ్వండి. ఎఫ్‌డీ ఇచ్చే ఆరేడు శాతం కోసం కార్డుకు ఏడాదికి నలభై రెండు శాతం కట్టుకోవడంలో అర్థం లేదు. మీరు కట్టిన రోజు దాకా పడ్డ కొంత వడ్డీ తర్వాతి స్టేట్‌మెంట్‌లో మళ్లీ కనిపిస్తుంది, కంగారుపడకుండా అదీ కట్టేయండి.

ఇక ఆ బిల్లు. ఇద్దరికీ భోజనం రూ.3,600, సర్వీస్ చార్జి రూ.360, ఆ రెంటి మీద 18 శాతం జీఎస్టీ రూ.712.80, వెరసి రూ.4,672.80. సర్వీస్ చార్జిని బిల్లులో తప్పనిసరిగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022లోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటను సమర్థించింది. ‘ఇది తీసేయండి’ అని మర్యాదగా అడగండి, ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. పన్నుతో కలిపి రూ.425 తగ్గుతుంది. వడ్డించిన అబ్బాయికి ఇవ్వాలనిపిస్తే చేతికే ఇవ్వండి. గది అద్దె రోజుకు రూ.7,500 దాటే హోటళ్ల రెస్టారెంట్లలోనే ఈ 18 శాతం. మామూలు రెస్టారెంట్‌లో 5 శాతమే. నా మాట వింటే స్టార్ హోటల్ మూడు నెలలకోసారి చాలు, మిగతా నెలల్లో మంచి టిఫిన్ సెంటర్లో పెసరట్టు ఉప్మాతో మొదలుపెట్టండి.

మ్యూజియం మాత్రం మానకండి. 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసిన కురుసుర జలాంతర్గామి, దాని ఎదురుగా ఉన్న టీయూ–142 విమానం, ఇద్దరూ రెండూ చూసినా టికెట్లు మీ బిల్లులోని జీఎస్టీ అంత కావు. వంగి దూరాల్సిన ఆ గుండ్రటి తలుపులు, టార్పెడోల పక్కనే నావికుల పడకలు, రిటైరైన నేవీ వాళ్లు దగ్గరుండి చెప్పే కబుర్లు – అంత తక్కువలో దొరికే ఆదివారం ఇంకెక్కడుంది?

ఇకమీదట బిల్లు దగ్గరే ఎవరి సగం వాళ్లు యూపీఐతో కట్టేయండి. తప్పక మీ కార్డే వాడితే, తన డబ్బు ఫోన్‌లో పడ్డ నిమిషంలోనే కార్డుకు పంపండి. ఆటోపే ‘టోటల్ డ్యూ’కు మార్చండి. ఎఫ్‌డీలో మిగిలిన రూ.16,000కు, వడ్డీ కింద పోయే రూ.1,400 నెలనెలా ఆర్‌డీగా (రికరింగ్ డిపాజిట్) కలుపుతూ, మూడు నెలల ఇంటిఖర్చు పోగయ్యాక సిప్ మొదలుపెట్టండి.