స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే మెదడులో గడ్డ పోతుందా?

ప్రశ్న: మా చిన్నాన్నకి మెదడులో గ్లయోబ్లాస్టోమా. ఆపరేషన్ అయింది, రేడియేషన్ నడుస్తోంది, టెమోజోలమైడ్ మాత్రలు వేసుకుంటున్నాడు. ఒక క్లినిక్ వాళ్లు చేతి నరానికి స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే అవే గడ్డని వెతుక్కుంటూ వెళ్లి చంపేస్తాయని చెప్పి ఏడు లక్షలు అడుగుతున్నారు. పిన్ని పొలం అమ్ముదామంటోంది. ఇది నిజమేనా డాక్టరుగారూ?
– పేరు వద్దు, తెనాలి

జవాబు: వెతుక్కుంటూ వెళ్లడం వరకూ నిజమే. నాడీ మూలకణాలకి (మెదడు, నరాల స్టెమ్ సెల్స్‌కి) గ్లయోమా, అంటే చిన్నాన్నకి వచ్చిన జాతి గడ్డ, ఉన్నచోటికి పాకే గుణం ఉందని 2000లోనే ఎలుకల్లో చూశారు. అది చిన్న సంగతేం కాదు, ఎందుకంటే ఈ గడ్డతో అసలు తంటా అక్కడే, సర్జన్ కంటికి కనబడిందంతా తీసేసినా వేళ్లు తన్నినట్టు చుట్టూ పాకిన కణాలు మిగిలిపోతాయి, చాలా మందులేమో రక్తంలోంచి మెదడులోకి దిగనే దిగవు.

కానీ చంపేది ఆ కణం కాదు, అది మోసుకెళ్లే మందు. కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్ అనే క్యాన్సర్ ఆసుపత్రిలో కరెన్ అబూడి బృందం వేసిన ఎత్తు నాకు భలే నచ్చుతుంది. ఒక ఎంజైమ్ తయారుచేసేలా మూలకణాల్ని మార్చి, ఆపరేషన్ టేబుల్ మీదే నేరుగా మెదడులోకి సూదితో ఎక్కించి, కొన్ని రోజులాగి ఫ్లూసైటోసిన్ అనే పాత ఫంగస్ మందు మింగించారు. ఆ కణాలు చేరినచోట అది ఫైవ్ ఎఫ్‌యూ అనే కీమో మందుగా మారుతుంది. 2017లో ఫలితాలు ప్రచురించారు, మొత్తం 15 మంది, అదీ ముందుగా ప్రమాదం లేదని తేల్చుకోడానికి పెట్టిన ట్రయల్. షికాగోలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు ఇలాంటి కణాలతోనే గడ్డని చంపే వైరస్‌ని పంపారు, ఆ ఫలితాలు 2021లో వచ్చాయి. అందులో 12 మంది.

కాబట్టి క్లినిక్ వాళ్లని ఒక్కటే అడగండి, మీ కణాలు ఏం మోసుకెళ్తున్నాయని. ఉత్త కణాలైతే మోసేదేమీ లేనట్టే, పైగా చేతి నరంలోంచి ఎక్కించినవి చాలావరకు ముందు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివి ట్రయల్‌గా తప్ప చేయకూడదు. ట్రయలే అంటారా, సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) నంబరు చూపించమనండి. అది ఉన్నా పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు!

పొలం జోలికి వెళ్లొద్దని పిన్నిగారికి చెప్పండి. వైద్యం చేస్తున్న డాక్టరు తప్ప ఇంకెవరు ఆపమన్నా మాత్రలు ఆపకండి. ఎమ్మారై సీడీ, బయాప్సీ రిపోర్టు పట్టుకుని, రేడియేషన్ ఇస్తున్న డాక్టర్నే మన దేశంలో చిన్నాన్నకి సరిపోయే ట్రయల్ ఏదైనా నడుస్తోందా అని అడగండి.